పొలంలో కడ్డీలు పాతి కరెంటు పెడితే భారలోహాలు పోతాయా?

అడిగిన ప్రశ్న ఇది: "మాది పటాన్‌చెరు దగ్గర, నక్కవాగు పక్కన నాలుగెకరాలు. సగం నల్లరేగడి, సగం చెల్క. ఫ్యాక్టరీల నీళ్లు కలిసిన ఆ వాగుతోనే నాన్న ఏళ్ల తరబడి వరి పండించిండు. మట్టిలో ఇనుప కడ్డీలు పాతి సోలార్ కరెంటు ఇస్తే సీసం, కాడ్మియం అన్నీ ఒక పక్కకు వచ్చేస్తాయని వీడియో చూసిన. కడ్డీలు, ప్యానెళ్లు అన్నీ కలిపి ఎకరానికి లక్షన్నర అని ఒకాయన కొటేషన్ ఇచ్చిండు. పెట్టించమంటారా?"

పెట్టించకండి. ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.

వీడియోలో చూపించింది బూటకమని నేను అనడం లేదు. మట్టిలో కరెంటు పారించి లోహాలను కదిలించడం నిజంగా ఉన్న పద్ధతే. పదేళ్లకు పైగా నేను చేసిన పనే అది. మొదట ప్రయోగశాలలో, చెప్పుల పెట్టె అంత డబ్బాల్లో. తర్వాత బయట, నేల మీద. డబ్బాలో పది రోజుల్లో అయిన పని ఎకరం పొలంలో ఎందుకు కాదో నాకు తెలిసింది ఆ రెండో దశలోనే. మీకు కొటేషన్ ఇచ్చినాయన డబ్బా దగ్గరే ఆగిపోయి ఉంటాడు.

ముందు మట్టి లోపల ఏం జరుగుతుందో చెబుతాను. తడి మట్టిలో రెండు కడ్డీలు ఎడంగా పాతి డీసీ కరెంటు ఇస్తే, నీళ్లలో కరిగి ఉన్న లోహపు అయాన్లు, అంటే ఆవేశం ఉన్న కణాలు, తమకు ఎదురు ధ్రువం వైపు నడుస్తాయి. కాడ్మియం, సీసం, జింకు, నికెల్ ధనావేశంతో ఉంటాయి కాబట్టి మైనస్ కడ్డీ వైపు, అంటే కాథోడ్ వైపు పోతాయి. ఆర్సెనిక్, ఆరు వేలెన్సీ క్రోమియం ఆక్సిజన్‌తో కలిసి రుణావేశంతో ఉంటాయి కాబట్టి ప్లస్ కడ్డీ వైపు, అంటే ఆనోడ్ వైపు పోతాయి. ఇది కాక, బంక రేణువుల మధ్య సందుల్లో ఉన్న నీరు కూడా మొత్తంగా కాథోడ్ వైపు జరుగుతుంది. ఈ సంగతిని 1809లోనే మాస్కోలో రాయిస్ అనే శాస్త్రవేత్త గమనించాడు. 1930ల్లో లియో కాసాగ్రాండే దీన్నే వాడి, జర్మనీలో మెత్తటి బంక నేలల్లోంచి నీళ్లు లాగి కట్టడాల కోసం గట్టిపరిచాడు. బంకమట్టిలో మామూలుగా నీరు ఇంకదు. పంపు పెట్టి తోసినా కదలదు. కరెంటుకు మాత్రం కదులుతుంది. ఈ పద్ధతికున్న అసలు బలం అదే, కాబట్టి గుర్తుపెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

వేగం ఎంతంటారా? సెంటీమీటరుకు ఒక వోల్టు చొప్పున ఇస్తే, అన్నీ కలిసొస్తే రోజుకు కొద్ది సెంటీమీటర్లు.

అన్నీ కలిసిరావు. కరెంటు పారుతున్నంత సేపూ కడ్డీల దగ్గర నీరు విడిపోతూ ఉంటుంది. ఆనోడ్ దగ్గర ఆమ్లం పుడుతుంది, కాథోడ్ దగ్గర క్షారం పుడుతుంది. రెండూ ఎదురెదురుగా బయలుదేరతాయి. ఆమ్లం దాదాపు రెట్టింపు వేగంతో వస్తుంది. దారిలో మట్టికి అంటుకున్న లోహాన్ని విడదీసి కరిగిస్తుంది కూడా, కాబట్టి ఆమ్లం మనకు పనికొచ్చేదే. చిక్కు క్షారంతో. రెండూ తగులుకున్న చోట, అంతవరకూ కరిగి వచ్చిన లోహం నీళ్లలో కరగని హైడ్రాక్సైడుగా మారి మట్టి సందుల్లోనే పేరుకుపోతుంది.

నా మొదటి ప్రయోగం అలాగే పోయింది. తెల్లబంకలో సీసం కలిపి డబ్బా నింపి కరెంటు ఇచ్చాను. మొదట్లో మీటరు చూస్తే ఉత్సాహంగా ఉండేది. పదో రోజుకు కరెంటు దాదాపు సున్నాకు పడిపోయింది. వైర్లు వదులయ్యాయేమోనని రెండు రోజులు వాటినే పీకి బిగించాను. చివరికి మట్టిని ముక్కలుగా కోసి పరీక్షిస్తే, కాథోడ్‌కు నాలుగు వేళ్ల దూరంలో ఒక గట్టి పొర, ఆ పొరలోనే సీసమంతా. ఎక్కడికీ పోలేదు, ఈ మూల నుంచి ఆ మూలకు కాపురం మార్చింది, అంతే. మట్టి మొత్తానికి సగటు తీస్తే ఒక్క శాతం కూడా తగ్గలేదు.

అందుకే నిజంగా చేసేవాళ్లు ఉత్త కడ్డీలు పాతరు. ప్రతి కడ్డీ చుట్టూ చిల్లుల గొట్టంతో చిన్న బావిలాంటిది కడతారు. కాథోడ్ బావిలో ఎసిటిక్ ఆమ్లమో సిట్రిక్ ఆమ్లమో తిప్పుతూ క్షారాన్ని ఎప్పటికప్పుడు చంపుతారు. లోహం చేరిన నీళ్లను పంపుతో తోడి ట్యాంకులోకి తెచ్చి, అక్కడ లోహాన్ని విడదీస్తారు. ఆ మిగిలిన బురదను ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. పంపులు, ఆమ్లం, ట్యాంకులు, రేయింబవళ్లు చూసుకునే మనిషి, ఇవన్నీ ఖర్చే. మీ కొటేషన్‌లో వీటిలో ఏది ఉందో చూడండి.

ఇక ఇనుప కడ్డీ సంగతి. ప్లస్ వైపు ఇనుము పెడితే నీటికి బదులు ఇనుమే కరుగుతుంది. ఒక ఆంపియరు కరెంటు ఒక రోజు పారితే 25 గ్రాముల ఇనుము మట్టిలోకి పోతుంది. పది ఆంపియర్లకు నాలుగు రోజుల్లో కిలో. పైగా మనకు కావలసిన ఆమ్లం పుట్టదు. ఈ పనికి ఆక్సైడ్ పూత ఉన్న టైటానియం ఆనోడ్లు వాడతారు. వాటి ధర వింటే మీరే ఫోన్ పెట్టేస్తారు. వాగు నీళ్లు పారిన నేలలో ఉప్పు ఎక్కువ ఉంటుంది కాబట్టి ఆనోడ్ దగ్గర క్లోరిన్ వాయువు కూడా రావచ్చు. కాథోడ్ దగ్గర ఎలాగూ హైడ్రోజన్ వస్తుంది.

ఇంకో మాట, ఇది ఎవరూ వీడియోల్లో చెప్పరు. సెంటీమీటరుకు ఒక వోల్టు అంటే మీటరుకు వంద వోల్టులు. బర్రె ఆ నేల మీద నిలబడితే ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య మీటరుకు పైనే ఎడం ఉంటుంది. లెక్క మీరే వేసుకోండి. కంచె లేకుండా ఒక్క గంట కూడా నడపకూడని పని ఇది.

ఇవన్నీ సరిగ్గా అమర్చారనే అనుకుందాం. అప్పుడైనా కదిలేది నీళ్లలో కరిగిన లోహం మాత్రమే. మీ మట్టిలో కాడ్మియం కిలోకు 3 మిల్లీగ్రాములు ఉందని రిపోర్టు వస్తే, ఆ మూడూ ఒకే తీరుగా ఉండవు. కొంత బంక రేణువు మీద తేలిగ్గా అంటుకుని ఉంటుంది. కొంత సున్నంతో కలిసి, కొంత ఇనుము, మాంగనీసు ఆక్సైడ్ల లోపల, కొంత సేంద్రియ పదార్థంతో, మిగతాది ఖనిజం లోపలే బిగుసుకుని ఉంటుంది. 1979లో టెస్సియర్ బృందం ఈ అయిదు భాగాలను ఒక్కొక్కటిగా విడదీసి కొలిచే పద్ధతి చెప్పింది. ఇప్పటికీ అందరం దానికి ఏదో ఒక రూపాన్నే వాడుతున్నాం. కరెంటుకు లొంగేది మొదటి రెండు భాగాలే, బలవంతం చేస్తే మూడోదాంట్లో కొంత. ప్రయోగశాలలో తొంభై శాతం తీశామని చెప్పే చాలా పరిశోధనల్లో లోహాన్ని శుభ్రమైన బంకలో నిన్ననో మొన్ననో కలిపి ఉంటారు. అది వదులుగా ఉంటుంది, వచ్చేస్తుంది. మీ పొలంలోది దశాబ్దాలుగా మట్టితో కలిసిపోయింది.

మీ రేగడి ముక్కకు ఇంకో పెద్ద అడ్డం ఉంది. ఆ మట్టిలో తెల్లటి సున్నపు గులకలు ఉంటాయి కదా. ఒక గడ్డ మీద నిమ్మకాయ పిండి చూడండి, బుసబుస నురగ వస్తే సున్నం గట్టిగా ఉన్నట్టే. ఆమ్లం ముందు ఆ సున్నాన్ని తిని, తర్వాతే లోహం జోలికి పోతుంది. మట్టిలో సున్నం 5 శాతం ఉందనుకుందాం. ఒక ఘనమీటరు మట్టిలో అంత సున్నాన్ని కరిగించడానికి సరిపడా ఆమ్లం పుట్టాలంటే దాదాపు 35,000 ఆంపియర్-గంటల కరెంటు పారాలి. మీటరు ఎడంతో రెండు ఆంపియర్లు పారిస్తే రెండేళ్లు. సున్నానికే రెండేళ్లు, కాడ్మియానికి కాదు. ఎర్ర చెల్కలో ఈ బాధ తక్కువ, అక్కడ పద్ధతి కొంత నయంగా పనిచేస్తుంది. కానీ చెల్కలో బంక తక్కువ, నీరు తేలిగ్గా దిగుతుంది. అలాంటప్పుడు కరెంటు ఎందుకు, ఆమ్లపు నీళ్లతో కడిగే పద్ధతే చవక.

పారే కరెంటు అంతా కాడ్మియాన్ని మోస్తుందనుకోవడం కూడా పొరపాటే. మట్టినీటిలో కాల్షియం, సోడియం, మెగ్నీషియం వేల రెట్లు ఎక్కువ ఉంటాయి. కరెంటు ముందు వాటినే మోస్తుంది. పై 20 సెంటీమీటర్ల మట్టి ఎకరానికి దాదాపు వెయ్యి టన్నులు. కిలోకు 3 మిల్లీగ్రాముల చొప్పున అందులో ఉన్న కాడ్మియం మొత్తం కలిపి మూడు కిలోలు. ఆ మూడు కిలోల కోసం పొలంలో ఉన్న పోషకాలన్నిటినీ ఊరేగించాలి. నైట్రేటు, పొటాష్ అన్నిటికంటే ముందు పోతాయి. ఆనోడ్ చుట్టూ పీహెచ్ రెండుకో మూడుకో పడిపోతుంది, అక్కడ వానపాము బతకదు. తర్వాత సున్నం చల్లి, పశువుల పెంట తోలి, నేలకు మళ్లీ ప్రాణం పోయాలి.

కరెంటు బిల్లు లెక్క కూడా వేద్దాం. అర మీటరు లోతుకు ఎకరంలో సుమారు 2,000 ఘనమీటర్ల మట్టి. ఉప్పు తక్కువ ఉన్న తడి మట్టికి కూడా ఈ వోల్టేజీ దగ్గర ఘనమీటరుకు 200 వాట్లు ఎక్కడికీ పోవు. అంటే ఎకరానికి 400 కిలోవాట్లు. మీ అయిదు హార్స్‌పవర్ మోటార్లు నూటికి పైగా ఒకేసారి ఆడించినట్టు. ఊళ్లో ఉండే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్లు నాలుగు పెట్టినా చాలవు. వంద రోజులు నడిపితే 9,60,000 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలకు దొరికినా అరవై ఏడు లక్షలు. వ్యవసాయానికి ఉచిత కరెంటు కదా అనకండి, ఆ కనెక్షన్ నీళ్లు తోడుకోవడానికి. సోలార్ అంటారా, 400 కిలోవాట్ల ప్యానెళ్లకు దాదాపు రెండెకరాల జాగా కావాలి, అదీ ఎండ ఉన్నప్పుడే. ఎకరం బాగు చేయడానికి రెండెకరాలు కప్పెట్టాలన్న మాట. ఆపి ఆపి కరెంటు ఇవ్వడం, వోల్టేజీ తగ్గించడం లాంటి కిటుకులతో ఖర్చు తగ్గుతుంది, కానీ లక్షన్నరకు రాదు. దాని దరిదాపుల్లోకి కూడా రాదు.

వరి పొలం మీద దీన్ని నిజాయితీగా ప్రయత్నించింది దక్షిణ కొరియావాళ్లు. పడమటి తీరంలో జాంగ్‌హాంగ్ అనే చోట 1936లో మొదలైన లోహపు కొలిమి ఒకటి ఉండేది. కొండ మీద పొడవాటి పొగగొట్టం. 1989లో కొలిమి ఆగే నాటికి చుట్టుపక్కల పొలాల్లో ఆర్సెనిక్, రాగి, సీసం చేరిపోయాయి. అక్కడి పరిశోధకులు ఒక చిన్న వరిమడిలో వరసగా ఎలక్ట్రోడ్లు దింపి దాదాపు ఆరు నెలలు కరెంటు నడిపారు. అనుభవం ఉన్నవాళ్లు, సరైన ఎలక్ట్రోడ్లు, సరైన ద్రావణాలు. అయినా పైపొరలో మూడు లోహాలూ సగం కూడా తగ్గలేదు. వాళ్లు దాచకుండా రాశారు, అందుకు వాళ్లంటే నాకు గౌరవం. ఒకేచోట ఆర్సెనిక్, సీసం రెండూ ఉండటమూ కష్టమే. ఒకటి ఇటు పోతే ఇంకొకటి అటు పోతుంది. సీసానికి ఆమ్లం కావాలి, ఆర్సెనిక్‌కు క్షారం అనుకూలం. మీ నక్కవాగు వైపు కూడా ఈ కలగలుపే ఉంది. పటాన్‌చెరు మట్టి మీద హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు 2001 నాటికే భారలోహాల లెక్కలు ప్రచురించారు.

జపాన్‌వాళ్లు వేరే దారి పట్టారు. తొయామా జిల్లాలో జింజు నది పక్కన గని నుంచి వచ్చిన కాడ్మియం వరిలో చేరి, ఎముకలు విరిగి 'నొప్పి, నొప్పి' అని ఏడ్చే ఇతాయి-ఇతాయి జబ్బు వచ్చింది. కాడ్మియమే కారణమని ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది. 1979 నుంచి 2012 వరకు, ముప్పై మూడేళ్లు, 860 హెక్టార్లకు పైగా పొలాలను బాగు చేశారు. కరెంటుతో కాదు. చెడ్డ పైమట్టిని కిందికి పాతిపెట్టి, గట్టి పొర వేసి, మీద మంచి మట్టి కప్పారు. అంత డబ్బున్న దేశమే పారలూ బుల్‌డోజర్లూ నమ్ముకుంది. మీకు ఎవరైనా చెరువు మట్టి తోలుకొమ్మని సలహా ఇస్తే ఆలోచన మంచిదే. కానీ మీ చుట్టుపక్కల చెరువుల్లోకి వచ్చిన నీళ్లు కూడా ఆ వాగులవే. పరీక్ష చేయించకుండా ఒక్క ట్రాక్టరు కూడా దింపుకోకండి.

ఇంతకీ మీరు ఏం చేయాలి?

మొట్టమొదట మట్టి పరీక్ష. సాయిల్ హెల్త్ కార్డు దీనికి పనికిరాదు. అందులో ఉండే పన్నెండు అంశాల్లో జింకు, ఇనుము, రాగి, మాంగనీసు ఉన్నాయి గానీ కాడ్మియం, సీసం, ఆర్సెనిక్ లేవు. భారలోహాలు కొలిచే ల్యాబుకే ఇవ్వాలి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో అడిగితే ఎక్కడ చేస్తారో చెబుతారు. మొత్తం లోహం ఒక్కటే కాకుండా డీటీపీఏ అనే రసాయనంతో కడిగితే వచ్చే భాగం కూడా కొలవమనండి, మొక్కకు అందేది సుమారుగా అదే. మట్టితో పాటు ఈసారి కోసిన వడ్లలోంచి కిలో పక్కన పెట్టి బియ్యాన్ని కూడా పరీక్షించండి. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ప్రకారం తెల్ల బియ్యంలో కాడ్మియం కిలోకు 0.4 మిల్లీగ్రాములు, అకర్బన ఆర్సెనిక్ 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు. మట్టిలో ఎక్కువ ఉన్నా గింజలోకి రాని పొలాలు చాలా ఉన్నాయి, ముఖ్యంగా సున్నం ఉన్న రేగడిలో. నేను మిమ్మల్ని ఊరడించడానికి చెప్పడం లేదు. కరెంటుకు అడ్డం పడే ఆ సున్నమే మొక్కకు కాడ్మియం అందకుండా కూడా పట్టి ఉంచుతుంది.

గింజలో కాడ్మియం ఎక్కువ వస్తే, చెల్క ముక్కలో పీహెచ్ 6.5 దాటేలా సున్నం వేయండి. వరి అయితే ఈనడానికి మూడు వారాల ముందు, ఈనిన తర్వాత మూడు వారాలు మడిలో నీరు ఆరనివ్వకండి. గాలి తగలని బురదలో కాడ్మియం గంధకంతో కలిసి గట్టిపడి వేళ్లకు దొరకదు. జపాన్‌లో రైతులకు చెప్పేది ఇదే. చైనాలో హునాన్ రాష్ట్రం వాళ్లు దీనికి తోడు కాడ్మియం తక్కువ పీల్చే వరి రకాలు, సున్నం మూడూ కలిపి వాడుతున్నారు. కానీ జాగ్రత్త: ఆర్సెనిక్‌ది దీనికి పూర్తిగా తలకిందులు. నీరు నిలిస్తే ఆర్సెనిక్ కరిగి గింజలోకి ఎక్కువ పోతుంది. అందుకే ఏ లోహమో తెలియకుండా నీటి సలహా ఎవరు చెప్పినా వినకండి, నేను చెప్పినా సరే.

ఆకుకూరలు మానేయండి. పాలకూర, తోటకూర కాడ్మియాన్ని బాగా పీలుస్తాయి. పశుగ్రాసం కూడా వద్దు, అది పశువు ఒంట్లోకి పోతుంది. పత్తి వేసుకోవచ్చు, బంతి, చామంతి ఇంకా నయం, హైదరాబాద్ పూలమార్కెట్ పక్కనే ఉంది. కలుషిత నీరు ఇంకా పారుతూ ఉంటే మాత్రం పైవన్నీ వృథా. కారే కుండకు అడుగు అతకకుండా నీళ్లు పోసినట్టే.

మొక్కలతో లాగించవచ్చా అని కూడా అడుగుతారు. ఆవమొక్క, పొద్దుతిరుగుడు కొంత లాగుతాయి. ఆర్సెనిక్‌కు ఒక రకం ఫెర్న్ మొక్క అద్భుతంగా పనిచేస్తుందని 2001లో తేలింది. పదేళ్ల ఓపిక, కోసిన మొక్కను కాల్చకుండా, పశువుకు వేయకుండా పారేసే దారి ఉంటే చేయండి.

మరి కరెంటు పద్ధతి ఎవరికి? బంకనేల, చిన్న జాగా, లోహం గాఢంగా ఉన్న చోటు, తవ్వడానికి వీల్లేని పరిస్థితి, ఖర్చు భరించే ఫ్యాక్టరీ. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ దగ్గర పెయింట్ ఫ్యాక్టరీ పక్కన 1987లో సీసం, రాగి మీద మొదట ప్రయత్నించింది అలాంటి చోటే. ఉప్పు తీయడానికైతే ఇంకా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ఉప్పు ఎలాగూ కరిగే ఉంటుంది. మన దేశంలోనే 1936లో పురి, ఆనంద్ చౌడు నేల మీద కరెంటు ప్రయోగం చేసి ప్రచురించారు. కొరియావాళ్లు ఈ మధ్య గ్రీన్‌హౌసుల్లో పేరుకున్న ఎరువు ఉప్పులు ఇలా తీసి చూశారు. మీ పొలం బాగుచేయాల్సిన ఖర్చు చెడగొట్టినవాళ్లు భరించే రోజు వస్తే, నీళ్లు పారే మడవ దగ్గరి రెండు మూడు గుంటల్లో దీన్ని వాడమని నేనే చెబుతాను. వాగు నీళ్లు తెచ్చిన లోహం ఎక్కువగా దిగేది అక్కడే.

నమూనా తీసేటప్పుడు అందుకే మడవ దగ్గరి మట్టిని మిగతాదానితో కలపకండి. రేగడి ఒక సంచి, చెల్క ఒక సంచి, మడవ దగ్గరిది ఒక సంచి. ఒక్కో సంచికి పది పదిహేను చోట్ల జానెడు లోతు వరకు తీసి కలపండి. తుప్పు పట్టిన పార, జింకు పూత రేకు బకెట్ వాడకండి, లెక్క తప్పుతుంది. ప్లాస్టిక్ తట్ట చాలు. రిపోర్టు వచ్చాక పీహెచ్, సున్నం శాతం, మూడు సంచుల అంకెలూ ఇక్కడే పెట్టండి. ఏ ముక్కలో ఏ పంట వేయొచ్చో అప్పుడు కూర్చుని చూద్దాం.